ఏళ్లకున్న తొందర గంటలకు లేదు

(రాజమహేంద్రవరంలో పదవీ విరమణ చేసినవారి సమావేశంలో ఒక మనస్తత్వశాస్త్ర అధ్యాపకుడు చేసిన ప్రసంగానికి లిఖిత పాఠం)

సభాధ్యక్షులకు, పెద్దలకు, తల్లులకు నమస్కారం.

వయసు పెరిగేకొద్దీ కాలం ఎందుకు వేగంగా గడిచిపోతున్నట్టు ఉంటుందో చెప్పమని నిర్వాహకులు నన్ను కోరారు. ఈ ప్రశ్నను ఉన్నదున్నట్టుగా తీసుకుంటే జవాబు చెప్పడం కష్టం, ఎందుకంటే ఇందులో మూడు ప్రశ్నలు కలిసిపోయి ఉన్నాయి. గడియారం చూడకుండా ఒక నిమిషాన్ని మనం ఎంత సరిగా అంచనా వేయగలమన్నది మొదటిది. ఈ మధ్యాహ్నం, ఈ రోజు ఎలా గడుస్తోందన్నది రెండోది. గడిచిన పదేళ్లను వెనక్కి తిరిగి చూసుకుంటే అవి ఎంత పొడవుగా కనిపిస్తున్నాయన్నది మూడోది. ఈ మూడింటి మీదా వయసు ఒకే విధంగా పనిచేయదు. పనిచేస్తుందని అనుకోవడం వల్లనే ఈ విషయం మీద వచ్చే చర్చలు చాలావరకు గందరగోళంగా ముగుస్తాయని నా అభిప్రాయం.

ఈ తేడాను స్పష్టంగా గుర్తించినవారిలో అమెరికా తత్త్వవేత్త, మనస్తత్వశాస్త్రవేత్త విలియం జేమ్స్ ముఖ్యుడు. 1890లో అచ్చయిన తన బృహద్గ్రంథంలో కాలానుభూతి మీద ఆయన ఒక పూర్తి అధ్యాయం రాశాడు. వయసు పెరిగేకొద్దీ రోజులు, నెలలు, సంవత్సరాలు పొట్టివవుతున్నట్టు అనిపిస్తుందని, గంటల విషయంలో అది అనుమానమేనని, నిమిషాలూ సెకన్లూ మాత్రం దాదాపు ఎప్పటిలాగే ఉంటాయని ఆయన అందులో అన్నాడు. అప్పటికి ఈ విషయం మీద సర్వేలు లేవు, ప్రయోగాలు బహు స్వల్పం. అయినా తర్వాత నూరేళ్లకు పైగా జరిగిన పరిశోధన ఆ మాటను కొట్టివేయకపోగా చాలావరకు బలపరిచింది.

జేమ్స్ ఆ అధ్యాయంలో ప్రస్తావించిన ఒక సిద్ధాంతం మీలో చాలామంది ఏదో ఒక రూపంలో విన్నదే. ఫ్రెంచి తత్త్వవేత్త పాల్ జానే 1877లో దాన్ని ప్రతిపాదించాడు. ఒక కాలఖండం మనకు ఎంత పొడవుగా తోస్తుందన్నది, అప్పటివరకు మనం బతికిన మొత్తం కాలంలో అది ఎన్నో వంతు అన్నదాని మీద ఆధారపడి ఉంటుందని ఆయన వాదన. పదేళ్ల పిల్లవాడికి ఏడాది అంటే జీవితంలో పదో వంతు, యాభై ఏళ్ల మనిషికి అదే ఏడాది యాభయ్యో వంతు. కనుక పిల్లవాడి ఏడాది పెద్దవాడి ఏడాదికి అయిదు రెట్లు అవుతుంది. ఈ లెక్కను చివరిదాకా తీసుకుపోతే విచిత్రమైన ఫలితం వస్తుంది. అయిదు నుంచి పదేళ్ల వరకు గడిచిన కాలం, పది నుంచి ఇరవై వరకు గడిచిన కాలం, ఇరవై నుంచి నలభై వరకు, నలభై నుంచి ఎనభై వరకు గడిచిన కాలం, అన్నీ అనుభూతిలో సమానమవుతాయి. అంటే అయిదో ఏట జ్ఞానం వచ్చి ఎనభై ఏళ్లు బతికిన మనిషికి ఇరవయ్యో ఏటికే తాను అనుభవించబోయే కాలంలో సగం అయిపోయినట్టు. 1975లో రాబర్ట్ లెమ్లిచ్ అనే అమెరికన్ రసాయన ఇంజనీరింగ్ ఆచార్యుడు, వయసుకు బదులు వయసు వర్గమూలాన్ని తీసుకుని ఈ సూత్రాన్ని కాస్త మెత్తబరిచాడు. విచిత్రమేమంటే ఆయన లెక్కలోనూ ఎనభై ఏళ్ల జీవితానికి సగం ఇరవై దగ్గరే పడుతుంది.

వినడానికి ఇది చాలా బాగుంటుంది. నేను విద్యార్థిగా ఉన్న రోజుల్లో నన్నూ ఆకట్టుకుంది. కానీ ఇది జరిగేదాన్ని అంకెల్లో తిరిగి చెబుతుందే తప్ప ఎందుకు జరుగుతుందో చెప్పదు. జేమ్స్ కూడా ఈ అభ్యంతరాన్నే లేవనెత్తాడు. ఈరోజు ఉదయం నేను కాఫీ తాగుతూ పేపరు చదివిన అరగంటను నా మొత్తం ఆయుష్షుతో పోల్చి చూడడానికి నా మనసుకు ఏ అవసరముంది? అంత పెద్ద భాగహారం చేయగల యంత్రాంగం మెదడులో ఎక్కడుంది? పైగా ఈ సూత్రం నిజమైతే నిమిషం మొదలుకొని దశాబ్దం వరకు అన్నీ ఒకే నిష్పత్తిలో కుంచించుకుపోవాలి. అలా జరగడం లేదని సర్వేలు చెబుతున్నాయి.

ఆ సర్వేల్లో తరచుగా ఉదహరించేది 2005లో మార్క్ విట్‌మన్, సాండ్రా లేన్‌హోఫ్ ప్రచురించినది. జర్మనీ, ఆస్ట్రియా దేశాల్లో 14 నుంచి 94 ఏళ్ల మధ్య ఉన్న 499 మందిని, గడిచిన వారం, నెల, ఏడాది, పదేళ్లు ఎంత వేగంగా గడిచాయని వారు అడిగారు. పెద్దవారు, చిన్నవారు అన్న తేడా లేకుండా దాదాపు అందరూ కాలం వేగంగానే గడుస్తోందన్నారు. వారం, నెల లాంటి చిన్న వ్యవధుల్లో వయసు వల్ల వచ్చిన తేడా చాలా తక్కువ. గడిచిన పదేళ్ల గురించి అడిగినప్పుడు మాత్రమే తేడా స్పష్టంగా బయటపడింది. అది కూడా యాభై, అరవైల వరకు పెరిగి ఆ తర్వాత దాదాపు నిలకడగా ఉండిపోయింది. తర్వాత న్యూజీలాండ్, నెదర్లాండ్స్, జపాన్ దేశాల్లో జరిగిన అధ్యయనాలు కూడా ప్రధానంగా ఇదే బాటలో సాగాయి. జానే సూత్రం ప్రకారమైతే తొంభై ఏళ్ల మనిషికి కాలం అరవై ఏళ్ల మనిషికంటే ఇంకా వేగంగా తోచాలి. అలా తోచడం లేదు.

ఇంకో సంగతి. సిల్వీ డ్రోవా-వోలే, జాన్ వేర్డెన్ అనే ఇద్దరు పరిశోధకులు యువకులకూ వృద్ధులకూ స్మార్ట్‌ఫోన్లు ఇచ్చి, రోజులో అనేకసార్లు హఠాత్తుగా మోగించి, "ఇప్పుడు, ఈ క్షణంలో, మీకు కాలం ఎలా గడుస్తోంది" అని అడిగారు. 2015లో వచ్చిన ఆ ఫలితాల్లో రెండు వర్గాల మధ్య చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. అంటే డెబ్భై ఏళ్ల వ్యక్తి గడుపుతున్న మధ్యాహ్నం ఇరవై అయిదేళ్ల వ్యక్తి మధ్యాహ్నంకంటే వేగంగా ఏమీ గడవడం లేదు. ఆ క్షణంలో వారు సంతోషంగా ఉన్నారా, దిగులుగా ఉన్నారా, చేస్తున్న పనిలో మనసు లగ్నమైందా అన్నవే కాలం వేగాన్ని నిర్ణయించాయి.

కాబట్టి మనం వివరణ వెతకవలసింది పదేళ్ల వంటి పెద్ద వ్యవధులకు. గోదావరి ఒడ్డున ఉన్న మనకు ఆ పెద్ద వ్యవధిని కొలిచే సాధనం ఒకటి సిద్ధంగానే ఉంది. గోదావరి పుష్కరాలు 1991లో వచ్చాయి, 2003లో వచ్చాయి, 2015లో వచ్చాయి. ఈ మూడింటినీ చూసినవారు ఈ సభలో చాలామందే ఉంటారు. మొదటి రెండింటి మధ్య గడిచిన పన్నెండేళ్లను, 2015 నుంచి ఇప్పటివరకు గడిచిన కాలాన్ని మనసులో పక్కపక్కన పెట్టుకుని చూడండి. మీకప్పుడు నలభై ఏళ్లనుకుంటే, మొదటి పన్నెండేళ్లలో పిల్లల చదువులు, బదిలీలు, ఇల్లు కట్టుకోవడం, అమ్మాయి పెళ్లి, తల్లిదండ్రులు పోవడం లాంటివెన్నో దొరుకుతాయి. 2015 తర్వాతి ఏళ్లలో అలా ఒకదానికొకటి సంబంధం లేని పెద్ద సంఘటనలు ఎన్ని దొరుకుతాయో చూసుకుంటే, ఈ కాలం ఎందుకు పొట్టిగా తోస్తుందో సగం అర్థమవుతుంది.

ఆ సగాన్ని శాస్త్రం జ్ఞాపకం ద్వారా వివరిస్తుంది. రాబర్ట్ ఆర్న్‌స్టీన్ అనే మనస్తత్వశాస్త్రవేత్త 1969లోనే ఈ దిశగా వాదించాడు. గడిచిన కాలం పొడవును మనం నేరుగా కొలవలేము. ఆ కాలం మన జ్ఞాపకంలో ఎంత చోటు ఆక్రమించిందో దాన్నిబట్టి అంచనా వేసుకుంటాము. ఎక్కువ సంఘటనలు, ఎక్కువ మార్పులు ఉన్న కాలం పొడవుగా, ఒకే తీరున సాగిన కాలం పొట్టిగా కనిపిస్తుంది. తెలియని ఊరికి మొదటిసారి వెళ్లేటప్పుడు ఎంతకీ తరగని దారి పదోసారికి చిటికెలో అయిపోయినట్టుండడం మనందరికీ అనుభవమే. దినా అవ్ని-బబాద్, ఇలానా రితోవ్ 2003లో ప్రచురించిన ప్రయోగాల్లో, చేసిందే చేస్తూ గడిపిన సమయాన్ని జనం తర్వాత గుర్తుచేసుకున్నప్పుడు తక్కువగా అంచనా వేశారని తేలింది.

వయసుతో నిమిత్తం లేకుండా ఒక్క ఏకరూపతే కాలాన్ని ఎంతగా కుదించగలదో చెప్పడానికి మిషెల్ సీఫ్ర్ కథను మించినది నాకు కనబడదు. ఆయన ఫ్రెంచి భూగర్భ శాస్త్రవేత్త. 1962లో, 23 ఏళ్ల వయసులో, ఆల్ప్స్ పర్వతాల్లోని స్కారాసోన్ అనే మంచు గుహలోకి గడియారం లేకుండా, పగలూ రాత్రీ తెలిసే వీలు లేకుండా ఒంటరిగా దిగాడు. జూలై 16న లోపలికి వెళ్లినవాడిని సెప్టెంబరు 14న, అరవై రోజుల తర్వాత, గడువు ముగిసిందని చెప్పి పైకి పిలిచారు. ఆయన లెక్క ప్రకారం అప్పటికి ఇంకా ఆగస్టు 20 మాత్రమే. ఇరవై అయిదు రోజులు ఆయన లెక్కలోంచి జారిపోయాయి. టెలిఫోనులో పైనున్నవారితో మాట్లాడుతూ ఒకటి నుంచి 120 వరకు సెకనుకు ఒకటి చొప్పున లెక్కపెట్టమంటే, రెండు నిమిషాల్లో ముగించవలసిన ఆ లెక్కకు ఆయన అయిదు నిమిషాలు తీసుకున్నాడు. ఇది మనం చెప్పుకుంటున్న ముసలితనం కాదు. ఇరవై మూడేళ్ల ఆరోగ్యవంతుడి సంగతి. చీకటి, చలి, నిన్నటికీ ఈరోజుకూ తేడా తెలియని స్థితి, ఇవే ఆయన రెండు నెలల్ని అయిదు వారాలకు కుదించాయి.

దీనికి సరిగ్గా ఎదురుగా నిలబడే ప్రయోగం ఒకటి 2007లో చెస్ స్టెట్సన్, మ్యాథ్యూ ఫియెస్టా, డేవిడ్ ఈగిల్‌మన్ ప్రచురించారు. ప్రమాదం జరిగేటప్పుడు కాలం నెమ్మదించినట్టు ఉంటుందని చాలామంది చెబుతారు కదా, అది నిజంగా జరుగుతుందా అని వారు పరీక్షించారు. వాలంటీర్లను 31 మీటర్ల ఎత్తు నుంచి కింద ఉన్న వలలోకి వెల్లకిలా జారవిడిచారు. చేతికి కట్టిన పరికరంలో అంకెలు మామూలు కంటికి చదవడానికి వీలులేనంత వేగంగా మారుతుంటాయి. కాలం నిజంగా నెమ్మదిస్తే పడేటప్పుడు వాటిని చదవగలగాలి. ఎవరూ చదవలేకపోయారు. కానీ కిందికి వచ్చాక తాము పడిన సమయాన్ని, ఇతరులు పడినప్పుడు చూసి వేసిన అంచనాకంటే సగటున 36 శాతం ఎక్కువగా చెప్పారు. ఆ క్షణాల్లో గడియారం మారలేదు, జ్ఞాపకం మాత్రం దట్టంగా అచ్చయింది. కాలం పొడవు తర్వాత తయారయ్యే అంచనా అనడానికి ఇంతకంటే చక్కని ఆధారం దొరకడం కష్టం.

మధ్య వయసు దాటినవారిని జీవితంలోని సంఘటనల్ని గుర్తుచేసుకోమంటే, పది నుంచి ముప్పై ఏళ్ల మధ్య జరిగినవి దామాషాకు మించి వస్తాయని 1980లలోనే గమనించారు. చదువు, మొదటి ఉద్యోగం, పెళ్లి, మొదటి బిడ్డ, మొదటిసారి ఊరు విడవడం, ఇవన్నీ ఆ ఇరవై ఏళ్లలోనే కిక్కిరిసి ఉంటాయి గనుక అందులో ఆశ్చర్యం లేదు. దీనికి తోడు మరో పొరపాటు కూడా జరుగుతుంది. స్పష్టంగా గుర్తున్న సంఘటనను మనసు ఇటీవలిదని అనుకుంటుంది. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన వచ్చినప్పుడు కృష్ణా డెల్టాలో ఉన్నవారికి ఆ రాత్రి గాలి హోరు ఈనాటికీ చెవుల్లో ఉంటుంది. అప్పుడు పుట్టిన పిల్లవాడికి ఇప్పుడు తల నెరిసిందని ఎవరైనా గుర్తుచేస్తే వారు ఉలిక్కిపడతారు. జ్ఞాపకం తాజాగా ఉంది, క్యాలెండరు మాత్రం చాలా దూరం నడిచింది. ఆ రెండింటి మధ్య ఉన్న అంతరాన్నే మనం కాలం వేగమని పొరబడుతుంటాము.

ఇంతవరకు చెప్పింది బాగానే ఉన్నా, జ్ఞాపకం ఒక్కటే మొత్తం కారణమని నేను నమ్మను. విలియం ఫ్రీడ్‌మన్, స్టీవ్ యాన్సెన్ 2010లో ప్రచురించిన పరిశోధన కూడా నన్ను ఆ వైపు మొగ్గనివ్వలేదు. చేయవలసిన పనులకు సమయం చాలడం లేదన్న ఒత్తిడి ఎవరికి ఎక్కువగా ఉందో వారికే కాలం వేగంగా గడుస్తున్నట్టుందని వారు గమనించారు. ముప్పై, నలభై, యాభై ఏళ్ల వారిని ఈ కోణంలోంచి చూస్తే విషయం తేలిగ్గా బోధపడుతుంది: ఆఫీసు, పిల్లల ఫీజులు, ఇంటి అప్పు, ఊళ్లో ఉన్న పెద్దవాళ్ల మందులు. నెలాఖరు రాకముందే నెలాఖరు గురించి ఆలోచించే మనిషికి నెల ఎలా తెలుస్తుంది? 2013లో యాన్సెన్, మకికో నాకా, ఫ్రీడ్‌మన్ జపాన్‌లో చేసిన అధ్యయనంలో నాకు మరింత ఆసక్తికరంగా తోచిన అంశం ఒకటుంది. పదేళ్ల కిందటికంటే ఇప్పుడే ఒత్తిడి ఎక్కువగా ఉందని జనం చెప్పారు. ఒకనాటి హడావిడి ఆ రోజుల్లో ఎంత గట్టిగా ఉన్నా మనం దాన్ని మరిచిపోతాము. అందువల్ల పాత కాలం తీరికగా నడిచినట్టు, ఈ కాలమే పరుగెత్తుతున్నట్టు కనిపిస్తుంది. "మా రోజుల్లో ఇంత పరుగు లేదు" అని మనం పిల్లలతో అనే మాటలో ఎంత భాగం నిజమో, ఎంత భాగం మరపో ఆలోచించుకోవలసిందే. పింఛనుదారులకు కూడా ఏటా జీవన ప్రమాణ పత్రం ఇవ్వవలసిన గడువు, బీమా ప్రీమియం, ఇంటి పన్ను లాంటివి చుట్టూ తిరిగి వస్తూనే ఉంటాయి. అలా తిరిగి వచ్చే గడువులు ఎన్ని ఎక్కువైతే "అప్పుడే ఏడాది అయిందా" అనుకునే సందర్భాలు అన్ని ఎక్కువవుతాయి.

శరీరం సంగతి కూడా ఒక్క మాటలో చెప్పి ముందుకు వెళతాను. 1930లలో హడ్సన్ హోగ్లాండ్ అనే అమెరికన్ శరీరధర్మ శాస్త్రవేత్త జ్వరంతో ఉన్న తన భార్యను అరవై సెకన్లు లెక్కపెట్టమన్నాడు. జ్వరం పెరిగేకొద్దీ ఆమె అరవై సెకన్ల లెక్కను అంత త్వరగా ముగించింది. ఒంటి వేడిని బట్టి లోపలి గడియారం మారుతుందని దాన్నిబట్టి ఆయన ఊహించాడు. వయసు మీరిన శరీరంలో ఆ గడియారం నెమ్మదిస్తుంది కనుక బయటి కాలం వేగంగా కనిపిస్తుందన్న వివరణ దీని నుంచే పుట్టింది. 2019లో ఏడ్రియన్ బెజాన్ అనే ఇంజనీరింగ్ ఆచార్యుడు, వయసుతో పాటు కళ్లు కదిలే వేగం, మెదడు చిత్రాల్ని గ్రహించే వేగం తగ్గడమే కారణమని ప్రతిపాదించాడు. ఇవి కొట్టిపారేయవలసినవి కావు గానీ, సెకన్లను నడిపే యంత్రాంగం దశాబ్దాల గురించిన మన అభిప్రాయాన్ని ఎలా నిర్ణయిస్తుందో వీటిలో ఏదీ చెప్పదు.

ఇక మీలో చాలామంది మనసులో ఉన్న ప్రశ్న: ఈ వేగాన్ని తగ్గించుకోవచ్చా? కొత్త పనులు నేర్చుకోండి, కొత్త ప్రదేశాలు చూడండి, కాలం నెమ్మదిస్తుంది అన్న సలహా ఈ మధ్య ప్రతి పత్రికలోనూ వస్తోంది. ఈ సలహా తప్పు కాదు, అయితే అసంపూర్ణం. జేమ్స్ దీనికి జవాబును కూడా ఆ అధ్యాయంలోనే రాసి పెట్టాడు. వైవిధ్యంతో నిండిన కాలం గడిచేటప్పుడు పొట్టిగానూ, తర్వాత తలచుకుంటే పొడవుగానూ ఉంటుంది; ఏమీ జరగని కాలం గడిచేటప్పుడు పొడవుగానూ, తలచుకుంటే పొట్టిగానూ ఉంటుంది. కనుక కాశీ, గయ, ప్రయాగ చూసి వచ్చిన పది రోజులు ప్రయాణంలో ఉండగా నెమ్మదించవు. ఎలా గడిచాయో కూడా తెలియదు. ఇంటికి వచ్చాక ఆ పది రోజులు నెల రోజులంత పెద్దవిగా కనిపిస్తాయి. గడుపుతున్న కాలం, గుర్తున్న కాలం రెండూ ఒకేసారి పొడవుగా ఉండాలంటే అది కుదిరే బేరం కాదు.

ఈ సూత్రానికి రెండో పార్శ్వం వృద్ధుల విషయంలో మరీ ముఖ్యమైనది. డ్రోవా-వోలే తర్వాత చేసిన మరో అధ్యయనంలో వృద్ధాశ్రమాల్లో ఉంటున్నవారిని అడిగితే, కాలం పరుగెత్తుతోందని కాక నెమ్మదిగా ఈడుస్తోందని వారు చెప్పారు. సంతోషం తగ్గడం, చేయడానికి పని లేకపోవడం దానికి కారణాలుగా కనిపించాయి. 2020 ఏప్రిల్‌లో, లాక్‌డౌన్ కాలంలో, బ్రిటన్‌లో రూత్ ఆగ్డెన్ 604 మందితో చేసిన సర్వేలో 80 శాతానికి పైగా తమకు కాలం గడిచే తీరు మారిందన్నారు. నెమ్మదించిందని చెప్పినవారిలో వయసు ఎక్కువ ఉన్నవారు, ఒత్తిడిలో ఉన్నవారు, నలుగురితో కలవడం తగ్గిందని బాధపడినవారు ఎక్కువగా ఉన్నారు. వయసుతో కాలం ఎప్పుడూ వేగంగానే గడుస్తుందనుకునే సిద్ధాంతాలకు ఈ రెండూ కొరుకుడుపడవు.

కనుక ఒకే మనిషి పొద్దున "పొద్దు గడవడం లేదమ్మా" అని, సాయంత్రం "ఏళ్లు ఎలా గడిచిపోయాయో" అని అంటే అందులో వైరుధ్యం లేదు. పిల్లలు హైదరాబాదులోనో అమెరికాలోనో ఉండి, ఇంట్లో ఒంటరిగా మిగిలినవారి నోట ఈ రెండు మాటలూ ఒకే రోజు వినిపిస్తుంటాయి. రోజును సాగదీసే ఏకరూపతే ఏళ్లను కుదిస్తుంది. ఈ రెంటిలో కుటుంబసభ్యులు, వైద్యులు ఎక్కువగా పట్టించుకోవలసింది మొదటి మాటను. కుంగుబాటుతో బాధపడేవారి మీద జరిగిన అనేక పరిశోధనల్ని 2015లో ఇద్దరు జర్మన్ పరిశోధకులు కలిపి విశ్లేషించినప్పుడు, సెకన్లను, నిమిషాలను అంచనా వేయడంలో వారికీ ఆరోగ్యవంతులకూ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. కాలం ఎలా గడుస్తోందని అడిగితే మాత్రం నెమ్మదిగా గడుస్తోందన్న జవాబు వారి నుంచే ఎక్కువగా వచ్చింది. ఏళ్లు పరుగెత్తాయని చెప్పే పెద్దాయనకు వైద్యం అక్కర్లేదు. రోజు గడవడం లేదని వారాల తరబడి చెప్పే పెద్దావిడను మాత్రం నిద్ర ఎలా పడుతోంది, ఆకలి ఉందా, ఈ వారంలో ఎవరితో మాట్లాడారు అని అడగవలసి ఉంటుంది. ఆ జవాబులు బాగోలేకపోతే వయసు మీద నెట్టేయకుండా వైద్యుడికి చూపించాలి.